రెండో పిలుపు

10 జనవరి 1949, సూర్యాపేట

బడిపంతులుగా ఉన్నవాణ్ణి తీసుకొచ్చి రిలీఫ్ ఆఫీసులో కూర్చోబెట్టారు. నెలల తరబడి పనిలేనివాళ్లకు పని చూపించాలట. అది పర్మనెంట్‌గా కూడా ఉండాలట. చెప్పడం సులువే.

పొద్దున వీధిలోంచి ఎవరో రామనర్సయ్యా అంటే ఆఁ అన్నాను. అమ్మ తిట్టింది. ఎన్నిసార్లు జెప్పాలె, మూడోసారి పిలిస్తెనే పలకాలె, ఒక్కసారి పిలిచేది మనిషి కాదురా అంది. తీరా చూస్తే పాలు పోసే పాండు. నవ్వొచ్చింది.

12 జనవరి

ఈదయ్య అని ఒకడు వచ్చాడు. పెన్‌పహాడ్ దగ్గర ఊరు. దొర గడికి వెట్టిపనికి జనాన్ని పిలిచే సుంకరి. పొద్దున్నే ఒక్కో ఇంటి ముందు నిలబడి పేరు పెట్టి ఒకే ఒక్క కేక. పలకకపోతే గడివాళ్లు వచ్చి వీపు చీరేసేవారు. ఇప్పుడు దొర పారిపోయాడు, వెట్టి పోయింది, దాంతోపాటే ఈదయ్య పనీ పోయింది. ఊళ్లో ఎవరూ కూలికి పిలవరు. తను పలకరించినా పలకరట. పెళ్లాం కాటమ్మ తెస్తే తింటున్నాడు.

పిలుసుడు తప్ప నాకేం రాదు దొరా అన్నాడు. దొరా అంటే తంతానన్నాను. సరే పంతులూ అన్నాడు. నవ్వలేదు.

29 జనవరి

కోదాడ రోడ్డు పనికి పంపితే మేస్త్రీ తిప్పి పంపాడు. పార పట్టుకుని దారి వంకే చూస్తాడండీ, ఎవరో రావాల్సినట్టు, అన్నాడు. ఒళ్లు మండి ఈదయ్యను నాలుగు తిట్టాను. కాటమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. ఈసారి గూడ పని లేకుంటె బాయిల పడ్తడు పంతులూ, జర సూడు అంది. ఇక తిట్టలేకపోయాను.

6 ఫిబ్రవరి, మిర్యాలగూడ

దొరికింది! ఇక్కడొక రైస్ మిల్లులో ఇంజన్ స్టార్ట్ చేసే వేళకు కూలీలు రారు. గుడిసె గుడిసెకూ పోయి లేపే మనిషి కావాలన్నాడు సేటు. ఈదయ్య కోసమే పుట్టిన ఉద్యోగం. అతనికి ఒక్క మాట మాత్రం చెప్పాను. ఇక్కడ ఒక్క పిలుపుకు ఎవరూ పలకరు, మూడుసార్లు పిలువు. మూడుసార్లా అని ఆశ్చర్యపోయాడు. మా ఊర్లె ఒక్కసారికే ఉరికొస్తుండ్రి అన్నాడు.

20 ఫిబ్రవరి

సేటు ఖుషీ. రిపోర్టులో పర్మనెంట్ అని రాశాను. కాటమ్మ కొంగులో రేగుపండ్లు తెచ్చి పెట్టింది. గర్వంగా ఉంది. ఉంటే తప్పేముంది?

5 మార్చి, మిర్యాలగూడ

సేటు కబురు పెడితే వచ్చాను. కూలీలందరినీ లేపాక ఈదయ్య చివరి గుడిసె దాటి, కోత అయిపోయిన మడి గట్టు మీద నిలబడి ఇంకేవో పేర్లు పిలుస్తున్నాడట. ఒక్కోటీ ఒక్కసారే. ఆడకూలీలు భయపడి పని మానేస్తామంటున్నారు.

ఎవరి పేర్లని అడిగాను. మా ఊరోల్లయి అన్నాడు. కిందటేడు రజాకార్లు గడిలో దిగినప్పుడు వెట్టికని వాళ్లను పిలిచింది ఇతనే. ఒక్కరూ తిరిగి రాలేదు. నేను పిలిస్తెనే వచ్చిండ్రు, ఇగ పొమ్మని ఎవలు జెప్పలె, పిలిస్తె ఇప్పటికీ పలుకుతున్నరు పంతులూ అన్నాడు.

మతి పోయిందనుకున్నాను.

6 మార్చి, తెల్లవారుజాము

వెంట వెళ్లాను. మత్తయ్యా అన్నాడు. ఖాళీ మడిలోంచి ఆఁ అని వినిపించింది. ప్రతిధ్వనే అనుకున్నాను. నేనూ ఓ కేక వేసి చూశాను. ఏమీ తిరిగి రాలేదు. ఈదయ్య పాపయ్యా అన్నాడు. ఆఁ. ఈసారి వేరే గొంతు.

ఈదయ్యను అక్కడే వదిలి గుడిసెల దాకా పరుగెత్తాను. రాసుకోవడానికి సిగ్గెందుకు.

అదే రోజు, మధ్యాహ్నం

సేటు తీసేస్తానన్నాడు. బతిమాలి ఆపాను. పని కావాలా వాళ్లు కావాలా తేల్చుకో అని ఈదయ్యను గట్టిగానే అడిగాను. పనే గావాలె అన్నాడు. ఇక వాళ్లను పిలవనని కాటమ్మ మీద ఒట్టేశాడు.

19 మార్చి

ఈదయ్య పోయాడు.

21 మార్చి, మిర్యాలగూడ

జ్వరం లేదు, నొప్పి లేదు. పొద్దుగూకే వేళ గట్టు వైపు నుంచి ఈదయ్యా అని వినిపించిందట. ఒక్కసారే. నేను ఆయన నోరు మూసేలోపల్నే ఆఁ అన్నడు పంతులూ, అలవాటు గదా, అని కాటమ్మ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆమెకు మిల్లులో బియ్యం చెరిగే పని ఇప్పించాను. ఇంకేం చేయగలను?

2 ఏప్రిల్, మిర్యాలగూడ

కొత్త మనిషిని మంచిగ తెచ్చినవ్, అందరు టైముకొస్తున్నరు, జీతం ఎవనికియ్యాలె అని సేటు అడిగాడు. నేనెవరినీ పెట్టలేదు.

కాటమ్మనడిగాను. ఆయనే పిలుస్తుండు, నువ్వు జెప్పినట్టు మూడుసార్లు, అంది. మాట చాలా మామూలుగా అంది.

పర్మనెంట్ అని రాసింది నేనే.

11 ఏప్రిల్, సూర్యాపేట

పొద్దున వీధిలోంచి రామనర్సయ్యా అని వినిపించింది. తెలిసిన గొంతే. పంతులూ అనలేదు.

ఆఁ అనేశాను.

అమ్మా నేనూ రెండో పిలుపు కోసం వాకిట్లో కూర్చున్నాం. మధ్యాహ్నమైంది.