చూడకుండా పాసైన పీసు

బీరంగూడ,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి పద్మావతికి అన్న జైపాల్ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. ఈసారి ఆ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు, రిపోర్టు పక్కన పెట్టుకుని రాస్తున్నాను. షోలాపూర్‌లో నువ్వూ, బావా, పిల్లలూ కులాసాయే కదా.

మావాడు శ్రావణ్‌కు ఉద్యోగం దొరికిందా అని అడిగావు. దొరికింది, పటాన్‌చెరులోనే. మొదటి రోజే టిఫిన్ డబ్బా బస్సులో మరిచొచ్చాడు. ఫోటోలో నేను చిక్కిపోయానేమని కూడా అడిగావు. పన్ను నొప్పి అని ఫోన్‌లో చెప్పింది అబద్ధం. తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు.

నా పని నీకు తెలుసు. ఇరవై ఆరేళ్లుగా ఫ్యాక్టరీలో ఇనుప పీసుల మీద పగుళ్లు వెతుకుతున్నాను. అనుమానమొస్తే ఎర్ర సుద్దతో గీత గీసి పక్కన పెడతాను. ఎవరు బతిమాలినా చూడకుండా ఒక్కటీ పాస్ చేయలేదు. అలాంటి నేను హెల్త్ చెకప్ కాగితంలో 'మలంలో రక్తం పడుతుందా' అన్నచోట లేదని రాశాను. అప్పటికి రెండు నెలలుగా పడుతోంది. నాన్న పేగు జబ్బు కూడా ఇలాగే మొదలైందని గుర్తొచ్చి భయపడ్డాను పద్మా.

మీ వదిన కనిపెట్టేసింది. "ఊరోళ్ల ఇనుమంత సూస్తవ్, నీ ఒంట్ల ఏమైతుందో సూస్కోవా? నడువ్ జల్దీ!" అని సంగారెడ్డి ఆసుపత్రికి లాక్కెళ్లింది. పరీక్షకు ముందురోజు తాగించిన మందు సంగతి రాయను. ఆ రోజంతా నా కాపురం బాత్రూంలోనే.

కెమెరా గొట్టం వేసి డాక్టరమ్మ తెర చూపించింది. పెద్దపేగులో చిక్కుడు గింజంత గడ్డ. అంత భయంలోనూ అలవాటు ఊరుకోదు కదా, "పైకెల్లి చూస్తే లోతు ఎట్ల తెలుస్తదమ్మా?" అని అడిగాను.

"గడ్డ మీద గీతలు చెదిరినయా, నడుమ గుంట పడ్డదా అని చూస్తం అంకుల్. గవేం లేవు. కింద మందునీళ్లు ఎక్కిస్తే మొత్తం పైకి లేసింది. లోపలికి పోలేదనే అనుకుంటున్న. తీసేసి పరీక్షకు పంపి ఖాయం చేసుకుందం, పరేషాన్ గాకుండ్రి."

ఆ పిల్ల చేసేది నా పనే! అక్కడే నవ్వేశాను. గడ్డ అప్పుడే తీసేసింది. నిన్న రిపోర్టు వచ్చింది. క్యాన్సరే, కానీ పైపొర దాటలేదు, తీసిన ముక్క అంచులు శుభ్రం. ఆపరేషన్ అక్కర్లేదు, ఏడాదికి మళ్లీ చూపించుకోవాలి. మీ వదిన ఏడుస్తూనే తలకాయ కూర వండింది. నేను రెండుసార్లు వేయించుకున్నాను.

ఇక అసలు మాట. "తోడబుట్టినోళ్లు గూడ చూపించుకోవాలె" అంది డాక్టరమ్మ. నాకేం, బాగానే ఉన్నానని జవాబు రాయకు. ఆ కాగితంలో నేనూ అదే రాశాను. ఈ ఉత్తరం మూలన ఎర్ర సుద్ద గీత చూశావా? అది నీ మీద గీసింది. అక్కడి డాక్టరు చూసి పాస్ అనేదాకా చెరపను.

ఇట్లు,
పరీక్షలో పాసైన మీ అన్న,
జైపాల్