ముందు గుమ్మంలోంచి మన చిన్నది

మన చిన్నదాని అమ్మకు, నీ ఇంటాయన పట్టలేని సంతోషంతో రాయునది. ఇక్కడ నేనూ చిన్నదీ కులాసా. అక్కడ నువ్వూ, మీ చెల్లెలూ, ఆపరేషనైన ఆవిడ మోకాలూ కులాసా అని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బీపీ బిళ్ళ వేసుకుంటున్నాను. కుళాయికి వాషరు నేనే మార్చాను. కట్టుడు పళ్ళు దొరికాయి, చొక్కా జేబులోనే ఉన్నాయి. ఇక "ఆ అర్జీ ఏమైంది, కొండని పొట్టేలు ఢీకొంటే ఎవరి తల పగులుతుంది" అని అడిగావు కదా. ఏమేవ్, పొట్టేలే గెలిచింది! కళ్ళారా చూశాకే రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను.

సంతోషంలో రాస్తే తలా తోకా ఉండదు నాన్నా అంటోంది చిన్నది. అందుకని జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

నీళ్ళ ఆఫీసులో పదకొండేళ్ళుగా ఫోనెత్తి ఊరందరి ఫిర్యాదులూ రాసుకునే పిల్లకి, తన ఫిర్యాదు రాసుకునేవాళ్ళు లేకపోయారు. ముందు గుమ్మానికి అయిదు మెట్లు. చక్రాల కుర్చీ ఎక్కదు గనక వెనక గోడౌను తలుపులోంచి రమ్మన్నారు. అక్కడ మీటర్ల లారీ అడ్డం ఉంటే అది కదిలేదాకా ఎండలోనే. లోపలికి వెళ్ళేసరికి పేరు పక్కన ఎర్ర సిరాతో 'ఆలస్యం'. ఆ ఎర్ర సిరానే చూపించి, సూపర్‌వైజరు సీటు దీని దగ్గర పని నేర్చుకున్న ఇంకొకావిడకి ఇవ్వబోయారు. ర్యాంపు కట్టండి, ఎర్ర సిరా కొట్టెయ్యండి, నా సీటు నాకివ్వండి అని ఇది అర్జీ పెట్టింది. అక్కడిదాకా నీకూ తెలుసు.

విచారణకి వికలాంగుల అర్జీలు చూసే అధికారి వచ్చింది. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడేసుకున్న పెద్దావిడ. మేనేజరు లేచి, "సొంత కూతుర్లా చూసుకున్నాం మేడం. ఫిర్యాదనేసరికి మనసు చివుక్కుమంది" అన్నాడు.

మన పిల్ల గొంతు పెంచలేదు. నీళ్ళు రావట్లేదని ఎవరైనా ఫోన్ చేస్తే ఏ వీధండీ అని అడుగుతుందే, అలాగే అడిగింది. "మీ కూతురు ఆఫీసుకొస్తే ఏ గుమ్మంలోంచి వస్తుందండీ?"

మేనేజరు గ్లాసెత్తి తాగాడు. అందులో నీళ్ళు లేవు.

ఆవిడ లారీల రిజిస్టరు తెప్పించి, ఎర్ర సిరా తేదీలు పక్కన పెట్టి చూసింది. ముప్ఫై ఒకటిలో ముప్ఫై సరిపోయాయి. "మరి ఇదొకటి?" అంది. "ఆ రోజు నిద్ర లేవలేదండీ. నాదే తప్పు" అంది మనది. ఆవిడ నవ్వేసింది. నెలలో ర్యాంపు కట్టాలనీ, ఆ ముప్ఫై కొట్టెయ్యాలనీ, సీటు మన చిన్నదానిదేననీ రాసింది.

ఇక్కడిదాకా చదివి కళ్ళు తుడుచుకుంటూ ఉంటావు. ఉండు. మధ్యలో ఒక ముక్క మింగేశాను.

విచారణకి రెండు వారాల ముందు మేనేజరు నన్ను తన గదికి పిలిపించాడు. కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు. "పెద్దవారు, మీ మాట వింటుంది. ఉన్న ఉద్యోగం పోగొట్టుకోవద్దని చెప్పండి" అంటూ కాగితం నా ముందుకి జరిపాడు. అర్జీ వద్దని దాని తరఫున నేను రాసిచ్చినట్టు. బడికి నేనే సంతకం, ఆసుపత్రికి నేనే సంతకం. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు కూడా నా సంతకమే అడిగారు. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. ఇంట్లో చెప్పలేదు.

విచారణలో ఆ ఖాళీ గ్లాసు దింపి మేనేజరు ఆ కాగితమే బయటికి తీశాడు. వెనక కూర్చున్న నన్ను అధికారి ముందుకి పిలిచింది.

"మీ అమ్మాయి వయసెంత?" అనడిగింది ఆవిడ నన్ను.

"ముప్ఫై నాలుగమ్మా."

"ఉద్యోగం ఎవరిది?"

"దానిదేనమ్మా."

"అయితే ఈ సంతకం చెల్లదు" అని మడిచి నాకే ఇచ్చేసింది.

ఇన్నేళ్ళ సైకిల్ షాపు బతుకులో నా సంతకం చెల్లదన్న మొనగాడు లేడు. ఆ మాటకి నేను ఏడ్చినంత సంతోషంగా మన పెళ్ళిలో కూడా నవ్వలేదు, ఏమనుకోకు.

ఇంటికి తోసుకొస్తుంటే వీధి మలుపులో చిన్నది అడిగింది, "టీతో బిస్కెట్లిచ్చారా నాన్నా?"

"రెండిచ్చారే."

"రెండు బిస్కెట్లకే రాసిచ్చేశావా నన్ను?"

నవ్విందో ఏడ్చిందో తెలీదు. వెనక నుంచి తోసేవాడికి మొహం కనపడదు.

ఈ ఉదయం ర్యాంపు తెరిచారు. నా చెయ్యి అలవాటుగా కుర్చీ మీదికి వెళ్ళింది. "నాన్నా, చెయ్యి" అంది. తీసేశాను. పక్కన నడిచాను. బేరింగుల్లో చప్పుడు లేదు, నిన్ననే గ్రీజు పెట్టాను. మొహం కూడా చూశాను. అచ్చం నీలాగే, పళ్ళు బిగబట్టి నవ్వుతోంది.

ఈ ఉత్తరమంతా దానికి చదివి వినిపించాను. బిస్కెట్ల సంగతి కొట్టెయ్యనా అంటే వద్దంది. "కింద సంతకం పెట్టు నాన్నా. ఉత్తరం నీది కదా, ఇక్కడ చెల్లుతుంది" అంది.

ఇట్లు,
మన చిన్నదాని నాన్న