మావయ్య గడియారం, ఐదు నిమిషాలు కుడికి

మంగళవారం, రాత్రి

సాయంత్రం మా స్వప్న గ్రాఫు కాగితం ముందేసుకుని ఏడ్చినంత పని చేసింది.

"అమ్మా, x స్క్వేర్ గిన్నెలాగ సున్నా మీద కూసుంది. x మైనస్ ఐదు హోల్ స్క్వేర్ అంటే ఎడమకి కదా జరగాల? కుడికెల్తాదేటి?"

లోపలిది సున్నా అవ్వాలంటే x ఐదు కావాలని రెండుసార్లు చెప్పాను. తలైతే ఊపింది కానీ, మొహంలో వెలుగు లేదు.

అప్పుడు గోడమీది మావయ్యగారి గడియారం కంటబడింది. వర్క్‌షాపు సైరన్‌కి ఎవరూ లేటవకూడదని, బతికినన్నాళ్లూ దాన్ని ఐదు నిమిషాలు ముందుకే పెట్టుకున్నారు. వారంగా బ్యాటరీ అయిపోయి ఆగి ఉంది.

"తాత గడియారంలోంచి ఐదు తీసేస్తేనే అసలు టైము. మరి ఏడింటి సైరన్ ఆ గడియారంలో ఎప్పుడు మోగీది?"

"ఏడూ ఐదుకి." గ్రాఫు మీద వేలు ఐదుకి జరిపి నవ్వేసింది. "తీసేస్తన్నాం కాబట్టే కుడికెల్లిందా! గిన్నె మారలేదమ్మా, జరిగిందంతే."

రాత్రి మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ బ్యాటరీ తెచ్చారు. ఆ గడియారం గురించి తండ్రితో ఎంత పోట్లాడేవారో! "ఈ ఇంట్లో సరైన టైమే ఉండదేటి నాన్నా?" అని. ఇప్పుడు సరిచేసేస్తారేమోనని దిగులేసింది. వద్దని ఎలా చెప్పను? స్టూలెక్కారు, ఫోన్ చూసుకుంటూ ముల్లు తిప్పారు, దిగి భోజనానికి కూర్చున్నారు.

అందరూ పడుకున్నాక ఇందాక ఫోన్ పక్కన పెట్టి చూశాను.

ఐదు నిమిషాలు ముందుంది.