చీమల తాళ్లు

నాన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం. మలంచాలో మనింటి వెనక తోటకి నేను చేసింది నీకు చెప్పాలి. వినడానికి నువ్వు లేకపోవడం ఒక రకంగా నాకు కలిసొచ్చింది.

రైల్వే వర్క్‌షాపు నుంచి రిటైరయ్యాక మామిడి పక్కన జామ, జామ పక్కన సీతాఫలం, మధ్యలో నిమ్మ నాటావు. ఎర్రచీమలు ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకి నడవడానికి కొమ్మకీ కొమ్మకీ తాళ్లు కట్టావు. పురుగుల సంగతి అవే చూసుకుంటాయనేవాడివి. పక్కింటి బెంగాలీ దీదీ నవ్వినా పట్టించుకోలేదు.

నీ పన్నెండో రోజున ఆ మామిడి కిందే భోజనాలు పెట్టాం. చీమలు కుట్టాయి. "ఈ సీమల కింద కూకుని తినమంటావేట్రా?" అంటూ చిన్నాన్న విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే పూరీ గేట్ దగ్గరి పురుగుమందుల కొట్టు నుంచి మనిషిని పిలిచి, ఆకులు కుట్టుకున్న ప్రతి గూటి మీదా మందు కొట్టించాను. నీ ఇరవయ్యేళ్ల పని ఒక్క పూటలో అయిపోయింది.

ఆ చిన్నాన్న ఇవాళ రానేలేదు.

నీ విస్తట్లోకి మన మామిడిపళ్లే కావాలంది అమ్మ. కోసుకొచ్చి చెక్కు తీస్తే అన్నిట్లో పురుగే. "ఒక్కటైనా మంచిది నేదేట్రా?" అని అడుగుతూనే ఉంది. చివరికి బజారుకెళ్లి నిగనిగలాడే పళ్లు తెచ్చాను.

తాళ్లు ఇంకా ఉన్నాయి. వాటి మీద బట్టలు ఆరేసుకుంటున్నాం.

బతికున్నన్నాళ్లూ మందు కొట్టిన పండు నోట పెట్టలేదు నువ్వు. ఇవాళ నీ పేరు చెప్పి, నా చేత్తోనే నీ విస్తట్లో పెట్టాను.