నూట పన్నెండో నెంబరు సన్నాయి

2025 మే 4, ఆదివారం. ఉదయం 5.10

ఈ నోటుబుక్కు ఈ రోజే మొదలుపెట్టడానికి కారణం, నిన్న సాయంత్రం 6.25కి మా కోలాటానికి వాయించే సమాధానం తన కీబోర్డును సంచిలో పెట్టుకొని వెళ్లిపోవడం. పదహారో తేదీ శుక్రవారం గంగమ్మ జాతర. మా కోలాటంలో పదహారు మంది ఆడవాళ్లు, పన్నెండు పాటలు. వాయించే మనిషి లేడు.

ఎందుకు వెళ్లాడో కూడా రాయాలి. రికార్డు పూర్తిగా ఉండాలి కదా. ప్రతి పాట చివరా వేగం పెంచుతాడు. మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి పాట ఆపించి, మిగిలినదంతా నిలబడి వాయించమన్నాను. ఆరో తరగతిలో వాడు నా విద్యార్థి. ఇప్పుడు వాడికి నలభై రెండేళ్లని ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

6.14 నుంచి 6.25 వరకు నిలబడి వాయించాడు. తర్వాత కీబోర్డుకు ఉన్న పెన్ డ్రైవ్ పీకి తెచ్చి నా ముందు పెట్టాడు.

"పన్నెండు పాటలూ దీంట్లో ఉండాయి టీచరమ్మా. మిడి ఫైళ్లు. మీకెంత నిదానంగా కావాలో అంత నిదానంగా మీరే వాయించుకోండి."

వాయించుకుంటాను! ముప్పై ఒక్కేళ్లు బడి నడిపిన మనిషిని.

మనవరాలు ప్రత్యూషకు ఫోన్ చేశాను. నెల్లూరులో కంప్యూటరు ఉద్యోగం. నా పాత లాప్‌టాప్‌ను బాగుచేసి ఇచ్చింది తనే.

"అమ్మమ్మా, మిడి ఫైల్లో పాట ఉండదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంతసేపు అని రాసుంటది, అంతే. నీ లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం ఉండాది. నల్ల తెర మీద టైపు చేస్తే అది చదివి వాయిస్తది, మామూలు పాటగా మారుస్తది. మారిస్తేనే మీ సౌండు బాక్సులో మోగేది."

అంటే లెసన్ ప్లాన్. పాఠం వేరే. అర్థమైంది.

నియమాలు:
ఇకమీదట ఎవరినీ అడగను. ప్రత్యూషను కూడా.
రోజూ ఉదయం 5.30 నుంచి 6.30 వరకు.
రోజుకు రెండు పాటలు. ఆరు రోజుల్లో పన్నెండు. ఆరు రోజులు మిగులు.
వేగం మొదటి నుంచి చివరి దాకా ఒకటే.
సమాధానాన్ని పిలవను. (కింద రెండు గీతలు గీశాను.)

మే 5, సోమవారం. ఉదయం 6.32

ప్రయత్నాలు 23. తప్పులు 22. ఒప్పు 1.

"పాట", ఖాళీ, "1" అని ఫైలుకు పేరు పెట్టి ఉంది. ఖాళీ వస్తే ఈ ప్రోగ్రాం రెండు ఫైళ్లనుకుంటుంది. పద్ధతిగా ఖాళీ వదిలి రాయడం పిల్లలకు నేర్పిందే నేను. నా చేతులతో నేనే ఆ ఖాళీలు తీసేశాను.

6.19కి మొదటి పాట మోగింది! పియానోలో. ఇంగ్లీషు పెళ్లిలాగా ఉంది కానీ పాట మాత్రం మనదే. కాఫీ చల్లారిపోయింది. ఫరవాలేదు.

మే 6, మంగళవారం. ఉదయం 6.30

మార్చడం కూడా వచ్చింది. ప్రోగ్రాం పేరు, ఫైలు పేరు, -Ow, తర్వాత -o, దాని పక్కన కొత్త పాటకు పెట్టే పేరు. మూడు పాటలు మార్చాను. వాటికి "పాట1కొత్త", "పాట2కొత్త", "పాట3కొత్త" అని పేర్లు పెట్టాను. లక్ష్యం రెండు, సాధించినవి మూడు. నిన్నటి బాకీ ఒకటి తీరింది కూడా.

ఈ ప్రోగ్రాం నాకు నచ్చింది. పని సరిగ్గా చేస్తే మాట్లాడదు. తప్పు చేస్తేనే మాట్లాడుతుంది. నేనూ బడిని అట్లాగే నడిపాను.

చెంచమ్మ వచ్చింది. కోలాటంలో ముందు వరసలో ఉండి పాట ఎత్తేది ఆమె. వాళ్లింట్లో వడ్లు కొలిచేటప్పుడు లెక్కపెట్టేది కూడా ఆమె. నా మీద నా అంత గట్టిగా అరవగలిగిన మనిషి ఊళ్లో ఇంకెవరూ లేరు.

"ఏందమ్మా ఇది, తెరంతా నల్లగా ఉండాది? కాలిపోయిందా?"

"కాలిపోలేదు. ఇట్లాగే ఉంటుంది."

"దీనికన్నా సమాధానం ఇంటికి పోయి ఒక మాట చెప్పేది సులువు గదా."

జవాబు చెప్పలేదు. నేనూ ప్రోగ్రాం లాంటిదాన్నే.

మే 7, బుధవారం. సాయంత్రం 6.50

ప్రత్యూష వాద్యాల పట్టిక పంపింది. నేను అడగలేదు, తనే పంపింది. కనుక నియమం చెడలేదు. ఒకటి నుంచి 128 వరకు వాద్యాలు. ఫైలు పేరు పక్కన I అక్షరం, దాని పక్కన నెంబరు కొడితే ఆ వాద్యం వస్తుంది.

రిహార్సలుకు గంట ఉండాలి కదా. గంట లేకుండా పదహారు మందిని వరసలో నిలబెట్టలేం. పట్టికలో 125: టెలిఫోను గంట. కొట్టాను. సౌండు బాక్సు తగిలించి, 5.00కి సరిగ్గా మోగించాను.

హెలికాప్టరు వచ్చింది.

పదహారు మందీ కర్రలు పట్టుకొని వీధిలోకి పరుగెత్తి ఆకాశంలోకి చూశారు. చెంచమ్మ కొంగు చాపి నిలబడింది.

"ఏంది చెంచమ్మా ఆ కొంగు?"

"పోయిన తుపానుకి పులిహోర పొట్లాలు పైనుంచే గదమ్మా ఏసినారు!"

అందరినీ లోపలికి తేవడానికి పందొమ్మిది నిమిషాలు పట్టింది. పట్టికలో అచ్చుతప్పు ఉన్నట్టుంది. ప్రత్యూషకు చెప్పాలి. కాదు, చెప్పకూడదు.

మే 8, గురువారం

5.30కి కరెంటు లేదు. 5.50కి వచ్చింది. అప్పటికే గంటలో మూడో వంతు పోయింది. సగం పీరియడు పాఠం చెప్పడం నా పద్ధతి కాదు. పాటలు 0.

మే 9, శుక్రవారం

సముద్రం గాలి. E అక్షరం నొక్కితే రెండుసార్లు పడుతోంది. కొబ్బరినూనె రాశాను. ఇప్పుడు అసలు పడటం లేదు. పాటలు 0.

పైగా వర్జ్యంలో కొత్త పని మొదలుపెట్టడమూ మంచిది కాదు. (ఇది పాత పనే. అయినా రాశాను.)

మే 10, శనివారం. ఉదయం 7.15

అద్భుతం! తొమ్మిది పాటలు ఒకే పూటలో మార్చాను.

E ఎండింది. 5.00కే కూర్చున్నాను. రెండు సంస్కరణలు చేశాను.

మొదటిది, వాద్యం. పియానో వద్దు, సన్నాయి కావాలి. పట్టికలో 112: షెహనాయి. వేగానికి T అక్షరం, దాని పక్కన 85, అంటే నూటికి 85. అన్నిటికీ అదే.

రెండోది, పేర్లు. "పాట4కొత్త" ఏమిటి? రిజిస్టరులో ఒక పిల్లకు రెండు పేర్లు ఉండవు. పాట 4 మారినా పాట 4గానే ఉండాలి. కనుక మార్చినదానికి కూడా పాత పేరే పెట్టాను. ప్రోగ్రాం ఏమీ అనలేదు. అనలేదంటే సరే అన్నట్టు.

విని చూడలేదు. తొమ్మిది పాటలు వింటే 54 నిమిషాలు. రేపు అందరితోపాటు వింటాను.

సమాధానం ఎదురుపడ్డాడు. రొయ్యల గుంటలో నీళ్లకు గాలి పట్టించే ఏరేటరు బాగుచేయడానికి మోటారు సైకిలు మీద పోతున్నాడు. బండి నిదానం చేసి తల వంచాడు. నేను గొడుగు వంచాను. సరిపోయింది.

మే 11, ఆదివారం. సాయంత్రం 7.05

నాలుగో పాట నుంచి పన్నెండో పాట దాకా ఒక్క సన్నాయీ లేదు. అన్నీ చిన్న గంటలు. గణగణమని. ఐస్ బండి గంట.

రెండో చరణానికి పద్నాలుగు మంది పిల్లలు గిన్నెలు పట్టుకొని మా ఇంటి వసారా ముందు నిలబడ్డారు. మూడో చరణానికి ఇరవై ఇద్దరు. వేగం 85 కావడం వల్ల ఆడవాళ్లు కర్ర ఎత్తి ఆవులించి దించుతున్నారు. పైగా సమాధానం చివర పెంచే పరుగు పోలేదు. నిదానంగా పరుగెత్తుతోంది.

"అమ్మా, ఇది కోలాటమా, పాలైసా?" అంది చెంచమ్మ.

గంటలు శుభమని చెప్పాను.

మే 12, సోమవారం. ఉదయం 8.20

ఐస్ బండి పోలేరయ్య వచ్చాడు.

"టీచరమ్మా, మీరు గంట కొట్టి పిలకాయల్ని పిలస్తారు. నేనొచ్చేటప్పటికి ఏడ్చి ఏడ్చి ఇండ్లకి పొయ్యుంటారు. నేనేం తప్పు చేసినాను?"

ఏ తప్పూ చేయలేదని చెప్పి పంపాను. వెంటనే కూర్చొని పాట 4ను మళ్లీ పియానోకు మార్చబోయాను. ఇది మిడి ఫైలు కాదని ప్రోగ్రాం చెప్పింది. పాట 5 కాదంది. పన్నెండు దాకా ఏదీ కాదంది.

8.02కి అర్థమైంది. పాత పేరే పెట్టాను కనుక కొత్త పాట వచ్చి పాతదాని మీద కూర్చుంది. లెసన్ ప్లాన్ చెరిపి అదే కాగితం మీద పాఠం రాసినట్టు. తొమ్మిదీ పోయాయి. పెన్ డ్రైవ్‌లో మిగిలినవి మొదటి మూడే.

ముప్పై ఒక్కేళ్లు ప్రతి కాగితానికీ కార్బన్ పెట్టి నకలు తీసిన మనిషిని.

మే 13, మంగళవారం. సాయంత్రం

కొత్త ఏర్పాటు ప్రకటించాను. ఈసారి జాతరలో మూడు పాటలే. వాటినే నాలుగేసిసార్లు ఆడాలి. క్రమశిక్షణకు మంచిది.

పదహారు మందీ కర్రలు నేల మీద పెట్టారు. చెంచమ్మ అందరినీ పంపి, నా పక్కన కూర్చుంది.

"మూడు పాటలకి ఆడితే పక్కూరోళ్లు నవ్వరామ్మా? ఏడాదంతా నేర్చుకున్నాం. నా కోడలు కాన్పైన మూడో నెల్లోనే కర్ర పట్టింది."

అప్పుడు తొమ్మిది పాటలూ పోయాయని చెప్పాను. పట్టిక చూపించాను. 125 కొడితే హెలికాప్టరు, 112 కొడితే గంటలు. పట్టికంతా తప్పు అన్నాను.

చెంచమ్మ అక్షరాలు కూడబలుక్కుంటూ వేలు పెట్టి చదివింది. "నూట పన్నెండు సన్నాయి. దాని తర్వాతది గంటలు. నూట పాతిక టెలిఫోను. దాని తర్వాతది హెలికాప్టరు. తప్పేం లేదమ్మా. ఒకటి తేడా."

"ఒకటి ఎందుకు తేడా?"

"మేం వడ్లు కొలిస్తే మొదటి తూముని ఒకటంటామా? లాభం అంటాం. లాభం, రెండు, మూడు. మీ మిషను మొదటిదాన్ని ఇంకేదో అంటాండాది. ఏమంటాదో దాన్నే అడగండి."

I పక్కన 0 కొట్టాను. పియానో వచ్చింది. పట్టికలో ఒకటో నెంబరు.

సున్నా నుంచి లెక్కపెడుతోంది! అయితే సన్నాయికి 111. మొదటి పాటకు కొట్టాను. సన్నాయి వచ్చింది. నిజం సన్నాయి. చెంచమ్మ లేచి నిలబడి, కూర్చొని, మళ్లీ నిలబడింది.

"చెంచమ్మా, నాకు లెక్కల్లో నూటికి తొంభై ఆరు మార్కులు," అన్నాను.

"ఆ నాలుగూ మా కళ్లంలో ఉండాయిలే అమ్మా," అంది.

కానీ పాటలు మూడే.

మే 14, బుధవారం. ఉదయం 8.00

5.30కి లాప్‌టాప్ తెరవలేదు. గొడుగు తీసుకొని రొయ్యల గుంటలకు నడిచాను. 6.40కి చేరాను. సమాధానం మోకాటి లోతు నీళ్లలో ఏరేటరు విప్పుతున్నాడు.

"టీచరమ్మా! ఇంత దూరం యాడికి?"

"పైకి రా. కూర్చో."

గట్టు మీద ఒక మేత బస్తా ఉంది. కూర్చున్నాడు, భయంగా. నేను గడియారం చూసుకున్నాను.

"మూడో తేదీ 6.14 నుంచి 6.25 దాకా నువ్వు నిలబడ్డావు. పదకొండు నిమిషాలు. పదహారు మంది ముందు. అది నా తప్పు. ఇప్పుడు 6.43. 6.54 దాకా నేను నిలబడతాను. నువ్వు లేవకూడదు."

"అయ్యో, అదేంది టీచరమ్మా! గట్టు మీద పాములుండాయి!"

"ఉండనీ."

నిలబడ్డాను. గుంటలో పనివాళ్లు నలుగురు చూస్తున్నారు. పదహారు మంది లేరు, కానీ ఉన్నవాళ్లు వీళ్లే. ఆరో నిమిషంలో తొమ్మిది ఫైళ్లు ఏమయ్యాయో చెప్పాను. హెలికాప్టరు చెప్పాను. ఐస్ బండి చెప్పాను. చెంచమ్మ కొంగు చాపిన దగ్గరికి వచ్చేసరికి వాడు బస్తా మీది నుంచి జారి కింద పడ్డాడు నవ్వి నవ్వి. లేవకూడదన్నాను కనుక కిందే కూర్చున్నాడు.

6.54.

"పాటలన్నీ నా కీబోర్డులో ఉండాయి టీచరమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "కానీ చివర్లో వేగం తగ్గించను. చెప్తాండా. అది ఆడేవాళ్ల కాళ్లు అడిగేది. నేను పెంచేది గాదు."

"శుక్రవారం 6.00కి రా," అన్నాను. 85 గురించి ఏమీ అనలేదు.

మే 16, శుక్రవారం

పన్నెండు పాటలూ సమాధానమే వాయించాడు. నా మూడు పాటల పెన్ డ్రైవ్ నా సంచిలోనే ఉంది.

ఆఖరి పాటలో వేగం పెంచాడు. నేను పక్కన గడియారంతో నిలబడి ఉన్నాను. వరసలో ఒకామెకు కాలు మెలిక పడింది. చెంచమ్మ ఆమె కర్రలు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఖాళీ వదిలితే రెండు వరసలనుకుంటారమ్మా జనం," అని లోపలికి లాగింది.

కాళ్లు అడుగుతాయి. నిజమే.

ఎంతసేపు ఆడానో రాయలేను. గడియారం చూడలేదు.

మే 18, ఆదివారం. ఉదయం 5.10

మోకాళ్లకు వేడినీళ్ల కాపడం అయింది. సమాధానం నిన్న పన్నెండు మిడి ఫైళ్లూ మళ్లీ ఇచ్చి వెళ్లాడు. ఆదివారం వాడికి చర్చిలో వాయించే పని ఉంటుంది. మాకు ఆదివారం రిహార్సలు ఉంటుంది. కనుక పాటలు సౌండు బాక్సులోకి ఎక్కాలి. మొదటి ప్రయత్నాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాను. ఈ రోజు మొదటి రోజు. ఎవరినీ అడగను. 5.30కి మొదలు. జరగవలసినవి:

లాభం. పన్నెండు ఫైళ్లకూ ముందు నకలు. ఒకటి నా దగ్గర, ఒకటి ప్రత్యూష దగ్గర, ఒకటి బియ్యం డబ్బాలో.

2. మార్చిన పాటకు కొత్త పేరు. ఒక పిల్లకు రెండు పేర్లు ఉండవచ్చు, ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి.

3. సన్నాయి 111. టెలిఫోను గంట 124. హెలికాప్టరు ఎవరికీ అవసరం లేదు.

4. తొమ్మిదో పాట, గంటల వాద్యంలో, వేగం 85, పోలేరయ్య బండికి. బాగుందని తనే అడిగాడు.

5. వేగం అక్షరం ముట్టుకోను. (కింద రెండు గీతలు.)

6. E అక్షరానికి కొబ్బరినూనె రాయను.

7. ఎవరినీ అడగను అంటే చెంచమ్మను మినహాయించి అని అర్థం.

8. రిహార్సలుకు సమాధానం వచ్చిన రోజున కుర్చీ వేయాలి. చేతులున్న కుర్చీ. నాది.