వేళ్ళ సందుల్లో

వదిన గారికి,

కవరు మీద నా చేతిరాత చూసి చింపి పారేయకపోతే, ముందే ఒక మాట. ఇది రాజీ ఉత్తరం కాదు. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తారని రాస్తున్నాను. మీ తమ్ముడి చేతుల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి ఈ భూమ్మీద మీరొక్కరే మిగిలారు. లేకపోతే మీకెందుకు రాస్తాను?

ఆయన వస్తున్నారు.

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అనుకుంటారేమో. అనుకోండి. పగలంతా ఏమీ ఉండదు. రాత్రి దీపం ఆర్పి, ఆయన శాలువా కప్పుకుని, ఒళ్ళు కాస్త వెచ్చబడిందో లేదో, వేళ్ళ సందుల్లో మొదలవుతుంది. రోడ్డు దాటేటప్పుడు నా వేళ్ళలో వేళ్ళు దూర్చి పట్టుకునేవారు, మీకు తెలుసు. సరిగ్గా అక్కడే. ఆ తరవాత మణికట్టు, ఆ తరవాత నడుము. మొదట్లో దురద అనుకున్నాను. కొబ్బరినూనె రాశాను, సబ్బు మార్చాను. ఇప్పుడు అది దురద కాదని తెలిసిపోయింది. దురదైతే పగలు కూడా ఉండాలి కదా? ఆయన పోయి నెల దాటాక, అందరూ పలకరించడం మానేశాక, నేనొక్కదాన్నే మిగిలాక మొదలైంది. మనుషులున్నంత కాలం మొహమాటపడ్డారేమో.

ఎందుకు వస్తున్నారో కూడా నాకు తెలుసు. ఇది ఎవరికీ చెప్పలేదు. చివరి రోజు మధ్యాహ్నం, "చలేస్తోందే, ఇంటికెళ్ళి నా శాలువా తీసుకురా" అన్నారు. ఆసుపత్రిలో దుప్పట్లకు కరువా? అయినా అడిగారు కదా అని వెళ్ళాను. తిరిగి మెట్లెక్కి వచ్చేసరికి నిద్రపోతున్నట్టే ఉన్నారు, కళ్ళు మూసుకుని. కాళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. కుడి చెయ్యి మాత్రం దుప్పటి బయట, అరచెయ్యి పైకి తెరిచి, వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే నన్ను చంపుతోంది వదిన గారూ. ఊళ్ళో సగం మంది చెవుల వెనక్కి కళ్ళజోళ్ళు సర్దిన చెయ్యి అది. ప్రాణం పోయేటప్పుడు దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. వెతికి వెతికి అలా తెరుచుకుని ఉండిపోయింది. అందుకే ఇప్పుడు వచ్చి నా వేళ్ళు వెతుక్కుంటున్నారు.

మీ కోసం కూడా వెతికే ఉంటారు. ఒకే ఊళ్ళో, రెండు వీధుల అవతల మీ పువ్వుల కొట్లో కూర్చుని మీరు రాలేదు. నా గడప తొక్కొద్దన్నాను, నిజమే. ఆయన కళ్ళజోళ్ళ దుకాణం నిండా జనం ఉండగా, "నా తమ్ముడికి వేళకింత ముద్ద పడితే ఇలా చిక్కిపోయేవాడా" అని మీరన్న మాటకు అలా అన్నాను. కానీ ఆసుపత్రి గడప నాది కాదు కదా?

ఇట్లు,
మీ తమ్ముడి భార్య

*

వదిన గారికి,

మీరు జవాబివ్వలేదు. ఇస్తారని నేనూ అనుకోలేదు. కానీ ఒక సంగతి తెలియజేయడం నా బాధ్యత అని డాక్టరు చెప్పింది కాబట్టి రాస్తున్నాను.

మణికట్టు దగ్గర గోకి గోకి పుండు పడింది. చీము చూసి పక్కింటావిడ నన్ను రెక్క పట్టుకుని చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు చిన్నపిల్ల. నా వేళ్ళు విడదీసి, భూతద్దం పెట్టి చూసింది.

"ఇదిగోనమ్మా, ఈ సన్నటి వంకర గీత చూశారా? చర్మం కింద పురుగు తవ్వుకున్న దారి ఇది. గజ్జి."

"గజ్జా? నేను రోజుకు రెండుసార్లు స్నానం చేస్తానమ్మా!"

"స్నానానికీ దీనికీ సంబంధం లేదు. రాజుకైనా వస్తుంది. రాత్రిపూట ఒళ్ళు వెచ్చగా ఉన్నప్పుడు ఎక్కువవుతుంది, అవునా? మొదటిసారి సోకినవాళ్ళకి నెలా నెలన్నర దాకా దురదే తెలీదు. ఆ మధ్య ఎవరి చెయ్యైనా పట్టుకుని చాలాసేపు కూర్చున్నారా?"

ఆసుపత్రిలో ఆయన చెయ్యి వదలకుండా కూర్చున్న సంగతి పక్కింటావిడే చెప్పింది. ఆయనా గోక్కునేవారు, మందుల వేడికి చర్మం ఎండిపోయిందన్నారందరూ. నీరసించిన ఒంట్లో అవి బాగా పెరిగిపోతాయిట, అడ్డు చెప్పే బలం ఒంటికి ఉండదుట.

మెడ దగ్గర నుంచి కాలివేళ్ళ దాకా, వీపుతో సహా, మందు రాసుకుని రాత్రంతా ఉంచుకోవాలి. వారం పోయాక మళ్ళీ. పక్క గుడ్డలూ శాలువా మరిగే నీళ్ళలో ఉతకాలి. ఆయన్ని పట్టుకున్నవాళ్ళందరూ ఒకేరోజు రాసుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరిగి వస్తూనే ఉంటుంది. "ఊరికే తాకితే అంటుకోదు, చేతిలో చెయ్యి వేసి కూర్చున్నవాళ్ళకే" అంది. నర్సులకు చేతితొడుగులున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు మంచం చివరన నిలబడి వెళ్ళిపోయారు. ఎటు చూసినా నేనొక్కదాన్నే తేలాను. మీకేం భయం లేదు వదిన గారూ. రాని మనిషికి గజ్జి ఎక్కడి నుంచి వస్తుంది?

మందు సొరుగులో ఉంది. రాసుకోలేదు, రాసుకోను. అది ఆయన చెయ్యి కాదు, పురుగని ఇప్పుడు తెలుసు. తెలిసినా రాత్రి దీపం ఆర్పి ఎదురుచూస్తున్నాను. అవి ఆయన ఒంట్లో పుట్టినవి, ఆయన చర్మం తిని బతికినవి. ఇప్పుడు నాలో దారులు తవ్వుకుంటున్నాయి. ఆయనవి ఈ ఇంట్లో ప్రాణంతో మిగిలినవి అవే. వాటిని చంపమంటే నాకు చేతులు రావడం లేదు. శాలువా ఉతికితే ఆ వాసన కూడా పోతుంది. నిన్నటి నుంచి జ్వరంగా ఉంది. పుండు ముదిరితే జ్వరం వస్తుందని డాక్టరు మొన్నే హెచ్చరించింది. ఉండనీ.

అయినా ఒంటిదాన్ని, నా వీపు నాకెలా అందుతుంది?

ఇట్లు,
మీ తమ్ముడి భార్య

*

నా పిచ్చి మరదలా,

నీ రెండో ఉత్తరం గోక్కుంటూ చదివాను.

అవునే. వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద, రాత్రిపూట. పువ్వుల కాడల రసం పడలేదనుకుని ఇన్నాళ్ళూ పసుపు రాస్తూ కూర్చున్నాను. నువ్వు రాసింది చదివాక దీపం కింద వేళ్ళు చాపి చూసుకున్నాను. అదే వంకర గీత. చేతిలో చెయ్యి వేసి కూర్చున్నవాళ్ళకే వస్తుందందిగా ఆ డాక్టరు పిల్ల? నేను నోటితో చెబితే నమ్మవు. దీన్ని నమ్ము.

రోజూ వచ్చేదాన్ని. "మొహం పీక్కుపోయింది, ఇంటికెళ్ళి స్నానం చేసిరా" అని మధ్యాహ్నం పూట వాడు నిన్ను తరిమేసేవాడు, గుర్తుందా? నువ్వు ముందు మెట్లు దిగాక నేను వెనక మెట్లు ఎక్కేదాన్ని. "అక్కా, మీరిద్దరూ నా మంచం దగ్గర కొట్టుకుంటే వినే ఓపిక నాకు లేదు. నేను లేచాక నేనే కలుపుతాను" అన్నాడు. లేస్తాడనే అనుకున్నాం కదా ఇద్దరమూ.

ఆ రోజు వాడికి చలీ లేదు, గిలీ లేదు. నిన్ను పంపడానికి ఇంకే వంకా తోచక శాలువా అన్నాడు. నేను వెళ్ళేసరికి, "అక్కా, చిన్నప్పట్లా అరచెయ్యి గోకవే, దురదగా ఉంది" అన్నాడు. గోకుతూ కూర్చున్నాను. ఏవేవో మాట్లాడాడు. నా కళ్ళజోడు ఒక పక్కకి వాలిందన్నాడు, సర్దడానికి చెయ్యెత్తబోయాడు, ఎత్తలేకపోయాడు. తలుపు వైపు చూసి, "దాన్ని పరిగెత్తొద్దని చెప్పు. ఈ వేళప్పుడు మెట్లు కడుగుతారు, జారిపడుతుంది" అన్నాడు. అంతే. ఆ తరవాత మాటల్లేవు. నిద్రపోయాడనుకుని నేను గోకుతూనే ఉన్నాను. ఎంతసేపటికో తెలిసింది. కళ్ళు నేనే మూశాను. అయినా చెయ్యి వదలలేదు. మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు వినపడేదాకా అలాగే పట్టుకున్నాను. నువ్వు పరిగెత్తుకుంటూనే వస్తున్నావు.

అప్పుడు భయం వేసింది. నీకు దక్కాల్సిన క్షణం నేను తీసుకున్నానని, నన్ను అక్కడ చూస్తే జన్మలో క్షమించవని. దొంగలా వెనక మెట్లు దిగిపోయాను. నీ మొదటి ఉత్తరం వచ్చాక జవాబు రాస్తూ చింపేస్తూ ఉన్నాను. అది వెతికి వెతికి తెరుచుకున్న చెయ్యి కాదే. నా చేతిలో ఉన్న చెయ్యి. అందుకే వెచ్చగా ఉంది.

రేపు పొద్దున్నే వస్తున్నాను. ముందు ఆ పుండూ జ్వరమూ డాక్టరుకు చూపిద్దాం, ఆ మందు రాత్రికి. శాలువా ఉతకక్కర్లేదు. మందుల కొట్లో అడిగాను. సంచిలో మూతి బిగించి కట్టి ఓ వారం వదిలేస్తే చాలట. మనిషి ఒళ్ళు తగలకపోతే అవి ఎన్నాళ్ళో బతకలేవట. వాసన ఎక్కడికీ పోదు. నీ వీపుకు నేను రాస్తాను, నా వీపుకు నువ్వు రాయి. ఇద్దరం ఒకేరోజు రాసుకోకపోతే మళ్ళీ మొదటికొస్తుందని నువ్వే రాశావుగా. తలుపు తియ్యకపోతే నీ గడప అవతలే కూర్చుని గోక్కుంటాను, వీధి వీధంతా చూస్తుంది.

దురద పోయాక రాత్రిళ్ళు నీకు గుబులుగా ఉంటుంది. నాకూ ఉంటుంది. అప్పుడు నా చెయ్యి పట్టుకో. వాడు చివరిగా పట్టుకున్నది దీన్నే.

తలుపు చప్పుడైతే నేనే. మెల్లగా వచ్చి తియ్యి, పరిగెత్తకు.

నీ
వదిన