రెండు చేతుల రొట్టె

నారాయణఖేడ్,
మాఘమాసం, 1987.

పెనిమిటి వీరప్పకు నీలమ్మ దండాలు. ఇక్కడ నేను, అత్త, మన బర్రె అందరం బాగున్నాం. బొంబాయిలో నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఎడమచేతి అక్షరాలు, నవ్వకుండా చదువు.

నీ దగ్గు తగ్గిందా? అత్త మోకాలు ఎట్లుందని అడిగావు. దవాఖానకు పోదామంటే "నీ మాటలకు ఊరోళ్ల దుఃఖం తగ్గుతదట గదా, నా మోకాలు తగ్గదా?" అని ఎగతాళి చేస్తుంది. కందులు ఇంటికొచ్చాయి. పొద్దున్నే మంచు కమ్మితే దారి కనపడదు. నా మాటలు వినడానికి వచ్చే ఆడవాళ్ల తలలు మాత్రం తేలుతూ వస్తాయి. చూస్తూ నిలబడితే నేనూ తేలుతున్నట్టుంటుంది.

పుస్తకం అచ్చయింది. 'మిగిలిన చెయ్యి' అని పేరు పెట్టాను. బెల్లం గానుగలో కుడిచెయ్యి పోవడం, నెలలకొద్దీ గోడవైపు తిరిగి పడుకోవడం, బోరంచ నల్లపోచమ్మ గుడి ముందు నాలాగే ఏడ్చే ఆడవాళ్లతో మొదటిసారి నోరు విప్పడం, అన్నీ రాశాను. కంగ్టి నుంచి, నాగల్‌గిద్ద నుంచి వచ్చి చదివించుకుని వింటున్నారు. కాళ్లు మొక్కుతారు. సిగ్గేస్తుంది, సంతోషమూ అవుతుంది.

ఇక నువ్వు అడిగిన అసలు మాట. "నువ్వు కాషాయం కడుతున్నవని ఇక్కడిదాంక ఇనొచ్చింది. గురువమ్మవైనంక నేను ఇంటికి రావాల్నా, వద్దా?" అని రాశావు. నిజమే, బసవరాజ్ పటేల్ ఆశ్రమానికి జాగా ఇస్తానన్నాడు. "సంసారం ఇడిసిపెట్టాలె అమ్మా. ఒంటిచేత్తో అన్నీ గెలిచినవు, నీకింకెవరు కావాలె?" అన్నాడు.

అప్పటినుంచి గానుగ దగ్గరి మన గుడిసే గుర్తొస్తుంది. అప్పటికి నా చేతి కట్టు ఇంకా విప్పలేదు. జొన్నపిండి ముద్ద ముందు పెట్టుకుని ఏడుస్తుంటే నువ్వు ఎదురుగా వచ్చి కూర్చున్నావు. "నీది ఎడమ, నాది కుడి. కొట్టు" అన్నావు. ఇద్దరం కలిసి ఒక్క రొట్టె కొట్టాం. పీట మీద అది మెల్లగా తిరుగుతూ పెద్దదైంది. "మొగోడు రొట్టె కొడుతుండు సూడుండ్రి!" అని కూలీలు నవ్వారు. నువ్వు తల ఎత్తలేదు. ఇప్పటికీ తెల్లవారుతుంటే సగం నిద్రలో ఆ చప్పుడు వినపడుతుంది. కళ్లు తెరిస్తే పొయ్యి దగ్గర అత్త ఒక్కతే ఉంటుంది.

నీకు చెప్పకుండా దాచుకున్న మాట ఒకటుంది. నువ్వు బొంబాయి వెళ్లాక నేను రొట్టె చేయలేదు. ఒంటిచేత్తో కొడితే అంచులు పగులుతాయి. పుస్తకం రాయడం వచ్చింది, వందమంది ముందు మాట్లాడడం వచ్చింది, అదొక్కటి రాలేదు. నేర్చుకోవాలని కూడా లేదు. నువ్వు లేక నాకు బాగాలేదు, వీరప్పా.

నిన్న పటేల్‌కు చెప్పేశాను. "జాగా వద్దు పటేలా. మా అరుగు సాలు. నా కుడిచెయ్యి బొంబాయిల ఉన్నది" అన్నాను. కోపంతో లేచి వెళ్లాడు. వెళ్లనీ. వినాలనుకున్నవాళ్లు మనం రొట్టెలు కొట్టేటప్పుడు వచ్చి వింటారు.

ఈ పొద్దు కొత్త జొన్నలు విసిరించి పెట్టాను. నిల్వ ఉంటే పిండికి జిగురు పోతుంది, నీకు తెలుసు. జల్దీ రా.

ఇట్లు,
నీ ఎడమచెయ్యి,
నీ భార్య నీలమ్మ.